సైకిలెక్కి లంకలు చుట్టాలంటే ముందు రేవును అడగండి

(మన గ్రామీణ విలేకరి)

అమలాపురం: దీవి అంటే సముద్రం మధ్య ఎక్కడో ఉండేదని మనవాళ్ళలో చాలామంది అభిప్రాయం. తాము పుట్టి పెరిగింది కూడా దీవిలోనేనని గుర్తుండదు. వశిష్టకు, వైనతేయకు నడుమ ఉన్నది రాజోలు దీవి. వైనతేయకు, వృద్ధ గౌతమికి మధ్య ఉన్నది అమలాపురం గడ్డ. అది దాటితే వృద్ధ గౌతమి, గౌతమి పాయల మధ్య ఐ.పోలవరం. ఆ పేరు ముందున్న ‘ఐ’ అక్షరానికి ‘ఐలాండ్’ అని అర్థం. ధవళేశ్వరం దిగువన గోదావరి చీలిన పాయలు సముద్రంలో కలిసే లోపున ఇన్ని దీవులను, వాటిని అంటిపెట్టుకొని లెక్కకు మిక్కిలి లంకలను మనకు ఇచ్చాయి.

వీటన్నిటినీ సైకిలు మీద, పంటు దాటుకుంటూ, అయిదు రోజుల్లో చుట్టి రావచ్చు. ఇంట్లో సైకిలు, కాళ్ళలో సత్తువ, సంక్రాంతి తర్వాత నాలుగు రోజుల తీరిక ఉన్నవారికి ఇంతకంటె చవకైన యాత్ర లేదు. అయితే ఈ యాత్రకు పథకం వేసేటప్పుడు అందరూ చేసే తప్పు ఒకటున్నది. రోడ్డు చూసి లెక్క వేస్తారు. ఫలానా ఊరికి ఇన్ని కిలోమీటర్లు, గంటకు ఇన్ని తొక్కగలం, కనుక ఇన్ని గంటలకు చేరతాం అనుకుంటారు. లంకల్లో ఆ లెక్క చెల్లదు. ఇక్కడ లెక్క వేయవలసింది రేవుతో.

ఈ విలేకరికి ఆ సంగతి అనుభవం మీద తెలిసింది. ఇద్దరు మిత్రులతో బయలుదేరి ఒక రేవుకు చీకటి పడ్డాక చేరాము. ఆఖరు పంటు అవతలి ఒడ్డున కట్టేసి ఉన్నది. దీపం కనబడుతోంది, మనుషుల మాటలు కూడా నీటి మీదుగా వినబడుతున్నాయి. ఎంత కేక వేసినా పంటు కదలలేదు. కదలకపోవడమే మంచిదని తర్వాత తెలిసింది. ఆ రాత్రి రేవు పక్కన కాఫీ హోటలు పాకలో బల్లల మీద పడుకున్నాము. దోమల మాట చెప్పనక్కర లేదు. తెల్లవారి హోటలు ఆసామీ కాఫీ ఇస్తూ, “ఆయ్, రేవు ఎన్నింటికి కట్టేస్తారో అడిగి బయల్దేరాలి గాని, వచ్చాక అడిగితే ఏం లాభమండీ” అన్నాడు. ఆ మాట పట్టుకొని తిరిగి పథకం వేసుకొన్నాము. ఆ వివరాలే ఇక్కడ ఇస్తున్నాము.

ఎప్పుడు వెళ్ళాలి?

జులై నుంచి అక్టోబరు దాకా ఈ ఆలోచనే వద్దు. ధవళేశ్వరం వద్ద 10 లక్షల క్యూసెక్కులు వదిలితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండవది, 17 లక్షలకు మూడవది. మొదటి హెచ్చరిక రాకముందే దిగువ రేవుల్లో పంట్లు ఆపివేయడం కద్దు. 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కులు పైబడి వచ్చిన వరదను చూసినవారు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. 2022 జులైలో 25 లక్షలు దాటింది. ఆ వరదలో చాకలిపాలెం–కనకాయలంక కాజ్‌వే వంటివి మునిగి లంకల జనం పడవల మీద ఆధారపడ్డారు. అటువంటి రోజుల్లో సరదాకు సైకిలు వేసుకొని రేవుకు వెళ్ళేవాడు సహాయానికి వచ్చిన పడవలో చోటు ఆక్రమించడం తప్ప చేసేది లేదు.

అక్టోబరు, నవంబరు నెలలు తుపాన్లవి. 1996 నవంబరు 6 నాటి తుపాను మన తీరాన్ని ఎలా ఊడ్చిందో, కొబ్బరిచెట్లు ఎలా నేలకు ఒరిగాయో ఐ.పోలవరం, కాట్రేనికోన వారిని అడిగితే చెబుతారు. ఏప్రిల్, మే నెలల్లో వరద భయం లేదు గాని ఎండ, వడగాలి భరించలేము. నది బాగా తగ్గి ఇసుక మేటలు బయటపడితే పంటు ఒడ్డుకు రాక దూరాన ఆగుతుంది. కాలుతున్న ఇసుకలో సైకిలు నెట్టుకుపోవడం సామాన్యమైన శ్రమ కాదు.

కనుక మిగిలింది డిసెంబరు రెండవ పక్షం మొదలు ఫిబ్రవరి ఆఖరు వరకు. ఈ రోజుల్లో కూడా తెల్లవారుజామున మంచు దట్టంగా పడితే అవతలి ఒడ్డు కనబడే వరకు సరంగు పంటు తీయడు. మొదటి పంటుకే దాటాలని పట్టుపట్టకుండా రేవులో ఒక గంట ఆలస్యం ముందే లెక్కలో వేసుకోవాలి. కనుమనాడు బయలుదేరే వారికి అంబాజీపేట మండలం మొసలపల్లి దగ్గర జగ్గన్నతోట ప్రభల తీర్థం చూసే అవకాశం కూడా ఉన్నది. గంగలకుర్రు ప్రభను కౌశిక పాయలో దించి నీళ్ళలోంచి భుజాల మీద మోసుకొచ్చే దృశ్యం ఒక్కసారైనా చూడదగినది. కాకపోతే ఆ రోజు అక్కడ సైకిలు తొక్కడం మాట అటుంచి, నడవడానికే చోటు ఉండదు. సైకిలు తెలిసినవారి ఇంట పెట్టి వెళ్ళాలి.

మొదటి రోజు: వశిష్ట

యాత్ర నర్సాపురంలో మొదలుపెట్టడం మేలు. రైలు ఉన్నది కనుక దూరపు వారు సైకిలు బ్రేకు వ్యానులో వేసుకొని దిగవచ్చు. ఊరికి ఆనుకొనే మాధవాయిపాలెం రేవు. అక్కడ పంటు ఎక్కి వశిష్ట దాటితే సఖినేటిపల్లి.

పంటు ఎరుగని వారు మన జిల్లాలో తక్కువే గాని, సైకిలుతో ఎక్కే పద్ధతి చాలామందికి తెలియదు. రెండు పడవలను జోడించి పైన బల్లలు పరిచి ఇంజను అమర్చినదే పంటు. రేవు వాలులో సైకిలు దిగి నడిపించుకు రావాలి. వాలు మీద తొక్కుతూ వచ్చి బ్రేకు పట్టకపోతే నేరుగా గోదాట్లోకే. కార్లు, మోటారు సైకిళ్ళు ఎక్కేదాకా ఆగి ఆఖరున ఎక్కడం మంచిది, దిగేటప్పుడు ముందుగా దిగవచ్చు. సైకిలు అంచున కాక మధ్యన పెట్టాలి. స్టాండు మీద వదిలి రెయిలింగు దగ్గరకు షికారు పోకూడదు. చిన్న లంకలకు వెళ్ళే నావల్లో అయితే సైకిలు పడవకు అడ్డంగా పడుకోబెట్టి, సరంగు చెప్పిన చోట కూర్చోవాలి. మనిషికి, సైకిలుకు విడివిడిగా రేవు చార్జీ ఉంటుంది. చిల్లర దగ్గర ఉంచుకోవాలి.

ఇక్కడ సముద్రపు పోటు, పాటు రెండూ తెలుస్తాయి. సుమారు ఆరు గంటలకు ఒకసారి నీరు మారుతుంది. నిన్న పోటు వచ్చిన వేళకంటె నేడు ముప్పావు గంట పైచిలుకు ఆలస్యంగా వస్తుంది. పాటున రేవు దిగువన బురద తేలి, పంటు బల్ల నిటారుగా నిలుస్తుంది. నిండు సామానుతో ఉన్న సైకిలును ఆ బల్ల ఎక్కించడానికి ఇద్దరు కావాలి. అమావాస్యకు, పున్నానికి ఈ తేడా ఇంకా ఎక్కువ. పంచాంగం చూసి ప్రయాణం పెట్టుకోవడం మూఢనమ్మకమని నవ్వేవారు ఈ ఒక్క విషయంలో మాత్రం పంచాంగం చూడవలసి ఉన్నది.

సఖినేటిపల్లి నుంచి అంతర్వేదికి రోడ్డు సమతలంగా, కొబ్బరితోటల నీడన పోతుంది. పొద్దుటే తొక్కాలి. మధ్యాహ్నం నుంచి సముద్రం మీది గాలి ఎదురు కొడుతుంది. లక్ష్మీనరసింహస్వామి దర్శనం చేసుకొని, లైటుహవుసు చూసి, వశిష్ట సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ళ గట్టు దాకా వెళ్ళిరావచ్చు. సంగమంలో స్నానం విషయంలో స్థానికులు చెప్పిన చోట తప్ప దిగరాదు. పైకి నిశ్చలంగా కనబడే చోటనే లోపల లాగుడు ఎక్కువగా ఉంటుంది. మాఘమాసంలో భీష్మ ఏకాదశికి స్వామివారి కల్యాణం. ఆ రోజుల్లో పంటు మీద కాలు మోపే సందు ఉండదు కనుక యాత్రికులుగా వెళ్ళేవారు వెళ్ళవచ్చు గాని, సైకిలు యాత్రకు ఆ వారం వదిలివేయాలి. బస ముందుగా చూసుకోవాలి.

రెండవ రోజు: వైనతేయ

అంతర్వేది నుంచి మలికిపురం, రాజోలు, తాటిపాక మీదుగా అమలాపురం చేరడం రెండవ నాటి పని. మధ్యలో వైనతేయ ఒడ్డున అప్పనపల్లి బాలబాలాజీ క్షేత్రం ఉన్నది. అన్నదానం జరిగే చోటు కనుక మధ్యాహ్న భోజనం వేళకు చేరేట్టు చూసుకుంటే ఖర్చు కలిసి వస్తుంది. హుండీలో శక్తికొద్దీ వేయడం ధర్మం.

ఈ దారిలో తోటల మధ్య గ్యాసు బావులు, పైపులైన్ల గుర్తులు కనబడతాయి. 1995 జనవరిలో పాశర్లపూడి బావి అంటుకొని 65 రోజులు మండింది. 2014 జూన్ 27న నగరంలో గ్యాసు పైపులైను పేలి తెల్లవారేసరికి ఎన్నో ఇళ్ళు కాలిపోయాయి, నిద్రలో ఉన్నవారు ప్రాణాలు కోల్పోయారు. చల్లగా కనబడే ఈ తోటల కింద ఏమున్నదో దారిన పోయేవారికి తెలియదు, ఉన్నవారు మరువలేరు. పైపులైను బోర్డు ఉన్నచోట ఆగి పొయ్యి వెలిగించి వంట చేసుకోవడం వంటి పనులు చేయరాదు.

పాశర్లపూడి, బోడసకుర్రుల మధ్య వైనతేయపై పూర్వం పంటు ఉండేది. ఇప్పుడు వంతెన ఉన్నది. పంటు కోసం కూర్చున్న ఆ రోజులను ముచ్చటగా చెప్పుకొనే పెద్దలున్నారు గాని, అర్ధరాత్రి పురిటి నొప్పులు వచ్చిన ఇంటివారెవరూ ఆ రేవు తిరిగి రావాలని కోరరు. సైకిలువాడికి మాత్రం ఈ వంతెన మీద జాగ్రత్త అవసరం. జాతీయ రహదారి కావడంతో లారీలు ఆగకుండా పోతుంటాయి. సైకిలుకు వెనుక ఎర్ర అద్దం, రాత్రికి దీపం లేకుండా ఎక్కవద్దు.

మూడవ రోజు: వృద్ధ గౌతమి, గౌతమి

అమలాపురం నుంచి ముమ్మిడివరం, అక్కడినుంచి అన్నంపల్లి అక్విడక్టు. కింద వృద్ధ గౌతమి, పైన కాలువ. నది మీద నది పోతున్నట్టుగా ఉండే ఈ కట్టడం దగ్గర కొంతసేపు ఆగవచ్చు. అవతల మురమళ్ళ. నిత్యం కల్యాణం జరిగే వీరేశ్వరస్వామి ఆలయం. పెళ్ళికాని వారు ఎందుకు వెళతారో మనవారికి చెప్పనక్కర లేదు.

ఇక్కడ ఒక్క మాట చెప్పి ముందుకు పోవాలి. 2018 జులై 14న ఈ మండలంలోనే పశువుల్లంక దగ్గర గౌతమి పాయలో ఒక నాటు పడవ బోల్తా పడింది. అందులో ఉన్నవారిలో ఎక్కువ మంది బడి నుంచి లంకలోని ఇళ్ళకు తిరిగిపోతున్న పిల్లలు. కట్టడం పూర్తికాని వంతెన స్తంభానికి పడవ తగిలింది. పలువురు విద్యార్థినులు గల్లంతయ్యారు. ఏ వంతెన వస్తే వారికి పడవ ప్రయాణం తప్పేదో ఆ వంతెన స్తంభమే అడ్డు తగిలింది. మరుసటి ఏడాది 2019 సెప్టెంబరు 15న ఎగువన కచ్చులూరు వద్ద విహారానికి వెళ్ళిన లాంచీ మునిగి పదుల సంఖ్యలో యాత్రికులు చనిపోయారు. ఒకటి నిత్యావసరానికి ఎక్కిన పడవ, రెండవది సరదాకు ఎక్కినది. నీటికి ఆ తేడా తెలియదు.

అందుచేత సైకిలు యాత్రికులకు నాలుగు మాటలు. లైఫ్ జాకెట్టు ఇవ్వని పడవ ఎక్కవద్దు. ఇచ్చిన జాకెట్టును చేతికి తగిలించుకోవడం, కింద పరుచుకొని కూర్చోవడం కాకుండా తొడుక్కొని తాళ్ళు కట్టుకోవాలి. పడవ నిండిందనిపిస్తే దిగిపోయి మరొక పడవకు ఆగాలి. అన్నిటికంటె ముఖ్యం, బడి వేళల్లో, అంటే పొద్దున, సాయంత్రం, చిన్న రేవుల్లో సైకిళ్ళతో ఎక్కకూడదు. మూడు సైకిళ్ళు ఆక్రమించే చోట ఆరుగురు పిల్లలు నిలబడతారు. మనం ఒక గంట ఆగితే పోయేదేమీ లేదు, వారికి బెల్లు కొట్టేస్తారు.

మురమళ్ళ నుంచి ఎదుర్లంక. గౌతమిపై 2002లో వచ్చిన వంతెనకు ఆ ఏడాదే హెలికాప్టరు ప్రమాదంలో మరణించిన లోక్‌సభ స్పీకరు జి.ఎం.సి.బాలయోగి పేరు పెట్టారు. వంతెన దిగితే యానాం. 1954 వరకు ఫ్రెంచివారి ఏలుబడిలో ఉండి, నేడు పుదుచ్చేరిలో భాగమైన ఊరు. నది ఒడ్డున సాయంకాలం కూర్చోవడానికి బాగుంటుంది. యానాం అనగానే కొందరు మిత్రులకు వేరే ఉత్సాహం పుడుతుంది. ఆ ఉత్సాహంతో మర్నాడు పంటు ఎక్కరాదని మాత్రం మనవి.

నాలుగవ రోజు: కోటిపల్లి రేవు

యానాం నుంచి గౌతమి ఎడమ గట్టు వెంట ఎగువకు కోటిపల్లి. ఓపిక ఉన్నవారు ద్రాక్షారామం వెళ్ళి భీమేశ్వరుని చూసి రావచ్చు. కోటిపల్లి సోమేశ్వరాలయం రేవుకు దగ్గరే. అవతలి ఒడ్డు ముక్తేశ్వరం. ఈ రెండింటి మధ్య పంటు ప్రయాణం మొత్తం యాత్రలో అందమైన ఘట్టం. నది వెడల్పు, ఇసుక తిన్నెలు, నీటికాకులు చూస్తూ ఉంటే పంటు ఇంకా నిదానంగా పోతే బాగుండుననిపిస్తుంది.

ఇక్కడే రైలు మాట వస్తుంది. కాకినాడ–కోటిపల్లి లైను పట్టాలను రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో పెరికివేశారు. తిరిగి రైలు వచ్చింది 2004లో. కోటిపల్లి నుంచి అమలాపురం మీదుగా నర్సాపురానికి 57 కిలోమీటర్ల కొత్త లైను 2000–01లో మంజూరైంది. నదిలో స్తంభాలు లేచాయి. మూడు పాయలను దాటి పోవలసిన ఆ రైలు దారి, మన సైకిలు దారి ఇంచుమించు ఒకటే. మంజూరైన ఏడాది పుట్టిన పిల్లవాడు ఇప్పటికి ఉద్యోగం వెతుక్కునే వయసుకు వచ్చాడు. పంటు మీద వారిలో ఎవరిని కదిపినా ముందు ఈ కబురే చెబుతారు.

ముక్తేశ్వరంలో దిగి, దగ్గరలోనే ఉన్న అయినవిల్లి విఘ్నేశ్వరుని దర్శించి అక్కడే రాత్రి గడపవచ్చు.

అయిదవ రోజు తిరుగు ప్రయాణం పొడుగైనది. ఇంచుమించు 60 కిలోమీటర్లు. అంబాజీపేట కొబ్బరి మార్కెట్టు మీదుగా పి.గన్నవరం వచ్చి, అక్విడక్టు మీద వైనతేయను మళ్ళీ దాటాలి. కాటన్ దొర కాలంలో ఇంజనీరు హేగ్ కట్టిన పాత అక్విడక్టు పక్కనే ఉన్నది. కొత్తదానికి డొక్కా సీతమ్మ గారి పేరు. సమీపంలోని లంకల గన్నవరంలో ఆ తల్లి వేళకాని వేళ లంకలు దాటి వచ్చిన బాటసారులకు అన్నం పెట్టింది. 1909లో ఆమె కన్నుమూసింది. పంటు తప్పి, ఆకలితో గట్టు మీద కూర్చున్నవారికి ఆ అన్నం విలువ ఇంకా బాగా తెలుస్తుంది. ఈ విలేకరికి తెలిసింది.

సైకిలు సంగతి

గేర్ల సైకిలే కావాలన్న నియమం లేదు. మన నేల సమతలం. ఎక్కుడు అంటూ ఉన్నవి వంతెనలు, ఏటిగట్లు మాత్రమే. పాత సైకిలుకు కొత్త బ్రేకు రబ్బర్లు, గట్టి టైర్లు ఉంటే చాలు. పంపు, సొల్యూషను, రెండు ప్యాచీలు, ఒక స్పానరు వెంట ఉండాలి. అంతర్వేది ఉప్పుగాలికి, రేవు ఇసుకకు గొలుసు రెండు రోజుల్లో కరకరమంటుంది. రోజూ రాత్రి తుడిచి నూనె వేయాలి. బట్టలు, సెల్‌ఫోను ప్లాస్టిక్ సంచిలో కట్టాలి. మంచినీళ్ళు దారి పొడవునా దొరుకుతాయి. నీళ్ళు బాగుండవని అనుమానం ఉన్నచోట కొబ్బరి బొండాం ఉండనే ఉన్నది. వెనుక క్యారేజీకి పది కిలోలకు మించి కట్టవద్దు. పంటు బల్ల మీద ఆ బరువంతా మీరే మోయాలి.

పథకం కాగితం మీద రాసుకొనేటప్పుడు, ప్రతి రోజుకూ ఎదురుగా రెండు గడులు గీయాలి. ఒకటి ఆ రోజు రేవు కట్టేసే వేళ, రెండవది పంటు ఆగిపోతే పోవలసిన చుట్టుదారి. నర్సాపురం రేవు ఆగితే చించినాడ వంతెన. కోటిపల్లి ఆగితే వచ్చిన దారిన వెనక్కి ఎదుర్లంక వంతెనకు, లేదా ఎగువన రావులపాలెం వంతెనలకు. ఈ చుట్టుదారులకు ఒక పూట అదనంగా పడుతుంది కనుక అయిదు రోజుల యాత్రకు సెలవు ఆరు రోజులు పెట్టుకోవాలి. రేవు వేళలు వరదను బట్టి, నీటిని బట్టి, పాటదారును బట్టి మారుతుంటాయి. బయలుదేరే ముందు రోజున ఆ ఊరి తెలిసినవారికి ఫోను చేసి అడగాలి. తెలిసినవారు లేకపోతే రేవు దగ్గర కాఫీ హోటలు ఆసామీ చాలు, ఆయనకంటె తెలిసినవారు లేరు.